రంపపుపొట్టు గుళికల పొయ్యి: దాని గుణదోషములు



పొట్టుపొయ్యి మనకు క్రొత్త కాదు. రేకుడబ్బా నడుమ రోకలి నిలిపి, చుట్టును రంపపుపొట్టునో ఊకనో దట్టించి, రోకలిని పైకి లాగి, అడుగున నిప్పు ముట్టించుట మన యిండ్లలోను, కాఫీహోటళ్లలోను ఎరిగిన సంగతియే. అందలి చిక్కేమనగా, ఒకసారి అంటుకొన్న పిమ్మట మంటను మన యిచ్చ ననుసరించి హెచ్చించుటకు గాని, తగ్గించుటకు గాని వీలు లేదు. ఈ చిక్కును అమెరికావారు యంత్రసహాయముచే తీర్చుకొనిరి. అచ్చట కాపురమున్న తెలుగువారి పెరళ్లలోను అట్టి పొయ్యిలు కానవచ్చుచున్నవి. అది మనకు పనికివచ్చునా యను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు అది యెట్టిదో తెలిసికొనవలయును.

గుళికలనగా నేమి?

ఇవి పురుగుమందు గుళికలు కావు. కోతమిల్లులలోని రంపపుపొట్టును ఆరబెట్టి, మెత్తగా చేసి, రంధ్రములు గల ఉక్కుబిళ్లగుండ మిక్కిలి ఒత్తిడితో, జంతికల గొట్టమునుండి పిండి వత్తినట్లు, వత్తుదురు. ఆ ఒత్తిడికి వేడి పుట్టి, కొయ్యయందు సహజముగా నుండు లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి జిగురువలె పొట్టును పట్టి యుంచును. గుళిక సుమారు 6 మిల్లీమీటర్ల మందముండును. పచ్చికట్టెలో దాదాపు సగము బరువు నీరే. గుళికలో తేమ నూటికి 10 పాళ్లకు మించదు. కావుననే పొగ తక్కువ, వేడి ఎక్కువ. మంచి కొయ్యగుళికలు కాలిన పిదప మిగులు బూడిద నూటికి ఒక పాలు కూడ నుండదు.

1970 దశకమునందలి చమురు కొరతవలన ఈ గుళికలు అమెరికాలో ఇండ్లు వెచ్చచేసికొనుటకు వాడుకలోనికి వచ్చెను. ఆరెగాన్ రాష్ట్రమునందలి మౌంట్ ఏంజెల్ నివాసియగు జో ట్రేగర్ వీనితో వంట చేయు పొయ్యిని కల్పించి 1986లో పేటెంటు హక్కు పొందెను.

పొయ్యి పనిచేయు విధము

ప్రక్కనున్న తొట్టిలో గుళికలు పోయుదురు. తొట్టి అడుగున, నూనెమిల్లు ఎక్స్‌పెల్లరులోని మరవలె మెలికలు తిరిగిన ఇనుపకడ్డీ కలదు. విద్యుచ్ఛక్తిచే అది మెల్లగా తిరిగి గుళికలను కొద్దికొద్దిగా చిన్న నిప్పుకుండలోనికి త్రోయును. అచ్చట ఎఱ్ఱగా కాలిన కడ్డీ వానిని అంటించును. కొలిమితిత్తికి బదులు చిన్న ఫ్యాను గాలి విసరును. నిప్పుకుండపై నొక రేకు అడ్డముగా నుండుటచే మంట నేరుగా వంటకమును తాకదు. వేడిగాలి మాత్రమే చుట్టును తిరుగును. లోపలి వేడిని కొలుచు సాధనము, వేడి తగ్గినచో మరను త్వరగాను, హెచ్చినచో మెల్లగాను త్రిప్పించును.

దీనితో ఏమి వండవచ్చును?

పెద్ద మాంసఖండములను 107 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పది, పండ్రెండు గంటలసేపు పొగబెట్టి వండుట అమెరికావారి వాడుక. కోడిని సుమారు 175 డిగ్రీలలో కాల్చుదురు. కోడిమాంసము నడుమ వేడి 74 డిగ్రీలకు వచ్చినగాని తినరాదు. మొక్కజొన్నకండెలు, చిలగడదుంపలు, వంకాయలు చక్కగా కాలును. అన్నము వండుటకు, పప్పు ఉడికించుటకు మాత్రము ఇది తగినది కాదు. సన్నని వేడిలో గంటకు సుమారు అర కిలో, తీవ్రమైన వేడిలో కిలోకు పైగా గుళికలు ఖర్చగును.

వాడువారు గమనింపవలసినవి

1. గుళికలను తేమ తగులని మూతడబ్బాలో నుంచవలయును. తడిసినచో ఉబ్బి మరల పొట్టై, మరను బిగబట్టును.

2. నిప్పుకుండలోని బూడిదను, రేకుపై చేరిన క్రొవ్వును తరచుగా తీసివేయవలయును. క్రొవ్వు అంటుకొన్నచో ప్రమాదము.

3. ఇంటిలోపల వాడరాదు. రంగు, వాసన లేని విషవాయువు ప్రాణము తీయగలదు.

4. నడుమ కరెంటు పోయినచో మరయు, ఫ్యానును ఆగిపోవును. నిప్పు గుళికలవెంట తొట్టివైపు ప్రాకవచ్చును. కావున అట్టి సమయమున పొయ్యిని విడిచి పోరాదు.

మనకు దీనివలన కలుగు బోధ

ఈ అమెరికా పొయ్యి మన నిత్యకృత్యమునకు అక్కరకు రాదు. కాని గుళిక సంగతి వేరు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారి పరిశోధన ఫలితముగా ఊర్జా అను చిన్న ఫ్యాను గల గుళికల పొయ్యి 2006 నుండి మన దేశమున విక్రయింపబడెను. సుమారు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయెను. వేరుసెనగ తొక్కలు, చెరకుపిప్పి వంటివానితోనే దానికి గుళికలు చేసిరి. అయితే ఆ ముడిసరకునకు ఇతర గిరాకీదారులు ఏర్పడగా గుళికల వెల పెరిగి, అనేక కుటుంబములవారు ఆ పొయ్యిని మూలనుంచిరి. పొయ్యి చెడిపోలేదు, దానికి మేత దొరకలేదు. ఎద్దును కొని, గడ్డివామి సంగతి మరచినవాని గతియే ఇది.

అటుపిమ్మట 2021లో కేంద్ర ప్రభుత్వము బొగ్గు విద్యుత్కేంద్రములలో పంటచెత్త గుళికలను కలిపి కాల్చవలెనని నిర్ణయించినది. కనుక నిన్న పారవేసిన తొక్కకు నేడు వెల కలదు. ఐనను అన్నియు సమానము కావు. ఊకలో బూడిద నూటికి సుమారు 20 పాళ్లు. అందలి ఇసుకవంటి సిలికా యంత్రమును అరుగదీయును. వేరుసెనగ తొక్క అంతకంటె మేలు. పశువులకు మేతయగు వరిగడ్డిని మాత్రము గుళికలకై అమ్ముకొనరాదు.

కావున సభ్యులు గుళికల పొయ్యికై సొసైటీయందు అప్పు కోరుటకు ముందు మూడు ప్రశ్నలు విచారింపవలయును: గుళికలెవరు చేయుదురు? వచ్చు సంవత్సరము ఏ వెలకు ఇత్తురు? వానకాలమున ఎచ్చట నిలువచేయుదుము? ఈ మూటికి జవాబు దొరకినచో పొయ్యి కొనుట మేలు; దొరకనిచో తొక్కలను చిల్లరగా అమ్మక, సొసైటీద్వారా ఒక్కటిగా కూర్చి అమ్ముకొనుటయే లాభము.