వెన్నుపూస దెబ్బ – చెప్పుకోలేని బాధ

బాయిలో కప్పు కూలి నడుము విరిగినవారు, తాటిచెట్టు మీదనుండి పడినవారు మన శ్రీరాంపూర్ చుట్టుప్రక్కల చాలామందే ఉన్నారు. ప్రార్థనకు వారి ఇండ్లకు వెళ్ళినప్పుడు మాతో కాళ్ళ సంగతి మాట్లాడుతారు. మూత్రం సంగతి మాత్రం ఎత్తరు. బట్టలు తడుస్తాయని నీళ్ళు త్రాగడం, ఆదివారం ఆరాధనకు రావడం మానినవారున్నారు. ఇందులో సిగ్గుపడవలసిన తప్పేమున్నది? (మన మందిరాల్లో ఎన్నింటికి చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉన్నదో కూడా చూచుకోవాలి.)

కటి ఎముకల అడుగున, మంచానికి నవారు అల్లినట్లు కొన్ని కండరాలున్నాయి. మూత్రసంచిని, పెద్దప్రేగు కొసను, స్త్రీలకైతే గర్భసంచిని అవే మోస్తాయి. వాటికి ఆజ్ఞ వెన్నుపాము చివరి నరాల ద్వారా అందుతుంది. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారు ఎంత తలంచినా ఆ కండరం కదలదు. కొంత నరం మిగిలినవారికి మాత్రం వ్యాయామం మేలు చేయవచ్చు. ఎవరు ఏ కోవకు చెందుతారో డాక్టరు మలద్వారం దగ్గర వ్రేలితో పరీక్షించి చెప్పగలరు. ఆ పరీక్షకు మొగమాటపడవద్దు.

కెగెల్ అనే అమెరికా డాక్టరు ప్రసవమైన స్త్రీల కోసం 1948లో వివరించిన వ్యాయామమే దీనికి మూలం. అపానవాయువును ఆపుకొన్నట్లు లోపలికి, పైకి బిగించాలి. ఐదు లెక్కించేవరకు ఉంచి, అంతసేపు పూర్తిగా వదలాలి. చాలామందికి ఒక్కో పూట పదిసార్లు, రోజుకు మూడు పూటలు చెప్తారు. ఊపిరి బిగబట్టరాదు, పిరుదులు, తొడలు బిగించరాదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయరాదు. ఫలితానికి నెలలు పడుతుంది. అయితే కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకొని ఉంటాయి. వారికి బిగించడంకన్న వదలడమే నేర్పుతారు. కాబట్టి ఫిజియోథెరపిస్టు చూడకుండా మొదలుపెట్టవద్దు.

మన తెలుగువారు ఎందరో వెళ్ళే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఇటువంటివారికోసం 1966లో పునరావాస కేంద్రం ఏర్పడింది. దానిని నడిపిన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింద చచ్చుబడినవారు. చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆమెకు ఈ బాధ పుస్తకంలో చదివినది కాదు.

వ్యాయామం మొదలైనదని వేళకు పైపు పెట్టుకొని మూత్రం తీయడం మానరాదు. సంచిలో ఒత్తిడి పెరిగితే మూత్రపిండాలు చెడిపోతాయి. జ్వరం వచ్చి మూత్రం మురికిగా ఉంటే డాక్టరుకు చూపించాలి. ఛాతీకి పైభాగంలో వెన్ను దెబ్బతిన్నవారికి హఠాత్తుగా తలపోటు, ముఖాన చెమట వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రసంచి నిండిందేమో, పైపు మడతపడిందేమో చూడాలి. తగ్గకుంటే అర్ధరాత్రియైనా ఆస్పత్రికి తీసుకొని వెళ్ళాలి.