గాజుతొట్టి చేపలకు తెల్లచుక్కల తెగులు

మాదన్నపేట మండికి కూరగాయలు తెచ్చు రైతులు కొందఱు, మరలి పోవునపుడు పిల్లల ముచ్చట తీర్చుటకై నగరమునుండి బంగారు చేపలను కొనిపోవుచుందురు. ఒక్కొకప్పుడు కొలది దినములకే యవి తొట్టిలోని రాళ్లకు ఒడలు రాచుకొనును; పిదప ఉప్పురవ్వ చల్లినట్లు మేనెల్ల తెల్లని చుక్కలు పొడసూపును. దిష్టి యని కొందఱందురు. మేమట్లనము.

ఇది యొక సూక్ష్మజీవి వలని తెగులు. 1876లో ఫూకే యను ఫ్రెంచి పండితుడు దీనికి 'పెక్కు పిల్లలుగల చేపపేను' అను నర్థమిచ్చు పేరిడెను. పేను కాదు గాని, పిల్లల మాట నిజమే. చేప చర్మము క్రింద బలిసిన జీవి రాలి, తొట్టి యడుగున గూడు కట్టుకొని, వందల పిల్లలుగా చీలును. ఆ పిల్లలు రెండు మూడు దినములలో చేప దొరకనిచో చచ్చును. మందు పనిచేయునది నీట నీదులాడు నీ పిల్లలమీదనే. చర్మములో దాగినదానిమీద గాదు. కావున చుక్కలు మాయమైనవని మందు మానుట పెద్ద పొరపాటు.

లీటరు నీటికి 2 గ్రాముల వంతున ఉప్పు కరగించి, రెండు దినములలో కొంచెము కొంచెముగా కలుపవలెను. దినదినము నాలవవంతు నీరు అడుగునుండి తీసి, అదే పాళమున ఉప్పు కలిపిన నీరు పోయవలెను. కుళాయినీరైనచో ఒక దినము నిలువ యుంచవలెను. చుక్కలు పోయిన పిదప మఱొక వారము సాగింపవలెను. చలికాలమున నింకను హెచ్చు, ఏలయన చల్లని నీట నీ జీవి మెల్లగా పెరుగును. అంగళ్లలో నమ్ము మలకైటు గ్రీనును తినెడి చేపలకు ఎన్నడును వాడరాదు.

తొట్టినీటిని గాని చచ్చిన చేపను గాని చెఱువులో వేయకుడు. ఈ తెగులు బొచ్చె, శీలావతి పిల్లలకును సోకును. అప్పుచేసి పిల్లలను వదలిన సభ్యుని పెట్టుబడి యంతయు నా నీటిలోనే యున్నది. క్రొత్తగా కొన్న చేపలను మూడు వారములు వేఱు తొట్టిలో నుంచి చూచుకొనుడు.