పాత కారు గేరు పెట్టె

అంబాసిడర్ కారు మీరు చూసే ఉంటారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దానికి మూలం. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారయ్యేది. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా పాత బళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని బాగుచేసే షెడ్డుల్లో మన పిల్లలు పని నేర్చుకుంటున్నారు. వాళ్ళు చేసే పని ఏమిటో మనమూ తెలుసుకుందాం.

గేరు పెట్టె అంటే పళ్ళ చక్రాల పెట్టె. 20 పళ్ళున్న చిన్న చక్రం 40 పళ్ళున్న పెద్ద చక్రాన్ని తిప్పుతుందనుకోండి. చిన్నది 2 సార్లు తిరిగితే పెద్దది 1 సారే తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. అందుకే మిట్ట ఎక్కేటప్పుడు తక్కువ గేరు వేస్తారు.

గేరు వేస్తే గరగర చప్పుడు వస్తుంది. వెంటనే పెట్టె విప్పాలా? అక్కర్లేదు. బండి ఆగి ఉన్నప్పుడు ఏ గేరు వేసినా గరగరమంటే తప్పు క్లచ్‌ది కావచ్చు. ముందు అది చూడాలి. పాత అంబాసిడర్‌లో బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే చప్పుడు వస్తుంది. అది రోగం కాదు, దాని తీరే అంత. గేరు దానంతటదే జారిపోతుంటే చిన్న స్ప్రింగు, గుండు అరిగాయేమో చూడాలి. ఇది తక్కువ ఖర్చు పని. "మొత్తం పోయింది, కొత్తది వేయాలి" అన్నారని వెంటనే డబ్బు ఇవ్వకూడదు.

తీసిన ఆయిలు కూడా కబురు చెబుతుంది. ఇత్తడి పొడి ఉంటే లోపలి ఉంగరాలు అరుగుతున్నాయి. ఇనుప ముక్క దొరికితే పన్ను విరిగినట్టే.

పెట్టె దించేటప్పుడు బండిని జాకీ మీదే ఉంచి కిందికి దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. గట్టి స్టాండ్లు పెట్టాలి. కొత్త కుర్రాళ్ళకు ఈ మాట రోజూ చెప్పాల్సిందే.

విప్పిన చక్రాలను వరుస తప్పకుండా ఒక తీగకు గుచ్చాలి. పూలు గుచ్చినట్టే! బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

కింది షాఫ్టు దగ్గర సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉంటాయి. బిగించబోతే రాలిపోతాయి. దీనికో ఉపాయం ఉంది. షాఫ్టు కంటే పిసరంత సన్నటి రాడ్డును చక్రాల గుత్తి పొడవుకే కోయాలి. దాని చుట్టూ రోలర్లను గ్రీజుతో అంటించి, గుత్తిని పెట్టెలో దించాలి. అసలు షాఫ్టును ఒక పక్క నుంచి తోస్తే రాడ్డు రెండో పక్కకు వచ్చేస్తుంది. రోలర్లు కదలవు. అమర్చే ముందు, అమర్చాక వాటిని లెక్కపెట్టాలి. ఒక్కటి పళ్ళ మధ్య పడినా పెట్టె పాడవుతుంది.

బేరింగు బిగుతుగా ఉంటే సుత్తితో బాదకూడదు. వేడి నూనెలో ఉంచితే కొంచెం వ్యాకోచిస్తుంది. అప్పుడు సులువుగా ఎక్కుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేడిచేసి తొడగడం లాంటిదే ఇది.

కొందరు చప్పుడు వినపడకుండా గేరు పెట్టెలో రంపపు పొట్టు పోసి బండి అమ్మేస్తారు. ఇది ఉపాయం కాదు, మోసం. కొన్నాళ్ళకే చప్పుడు మళ్ళీ మొదలవుతుంది. అందుకే పాత బండి కొనేవాళ్ళు ఆయిలు తీయించి చూడాలి.

మూత బిగించే ముందు ఒక్కో గేరూ వేసి, షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడా పట్టేయకుండా తిరిగితే మూత వేసి, ఆయిలు పోయాలి.