కడుపులోని బిడ్డ ఛాతీలో నీరు చేరిందంటే...



మన పాఠశాల కుటుంబాల్లో కొందరు మరో పాపాయి కోసం ఎదురుచూస్తుంటారు. ఐదో నెల టిఫా స్కాన్ రిపోర్టులో 'ప్లూరల్ ఎఫ్యూజన్' అనే మాట కనిపిస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. బిడ్డ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని దానర్థం.

కడుపులో బిడ్డకు ప్రాణవాయువు మాయ ద్వారా అందుతుంది. మరి ప్రమాదం ఎక్కడ? ఊపిరితిత్తులు ఎదగాల్సిన చోటును నీరు ఆక్రమిస్తుంది. అది మరీ ఎక్కువైతే గుండె పక్కకు జరిగి, బిడ్డ ఒళ్లంతా నీరు పట్టవచ్చు. దాన్నే హైడ్రాప్స్ అంటారు.

శోషరసం కారడం, గుండె లోపాలు, ఇన్ఫెక్షన్లు, రక్తహీనత, క్రోమోజోముల తేడాలు దీనికి కారణాలు కావచ్చు. గ్రహణం నాడు బయటికి వచ్చినందుకో, బొప్పాయి తిన్నందుకో కాదు. దయచేసి తల్లిని నిందించకండి.

డాక్టర్లు ముందు కారణం వెతుకుతారు. బిడ్డ గుండె స్కాన్, తల్లి రక్తపరీక్షలు, అవసరమైతే ఉమ్మనీటి పరీక్ష చేయిస్తారు. నీరు కొద్దిగా ఉంటే తరచూ స్కాన్ చేస్తూ గమనిస్తారు. కొందరిలో దానంతటదే తగ్గిపోతుంది. ఎక్కువగా ఉంటే స్కాన్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీదుగా సన్నని సూదితో తీస్తారు. అయితే కొద్ది రోజుల్లోనే మళ్లీ చేరవచ్చు.

అప్పుడు 'షంట్' అనే చిన్న గొట్టం అమరుస్తారు. దాని ఒక కొన బిడ్డ ఛాతీలో, మరో కొన ఉమ్మనీటిలో ఉంటాయి. నీరు ఎప్పటికప్పుడు బయటికి పోతుంటే ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటు దొరుకుతుంది. లండన్ వైద్యులు ఈ పద్ధతి ఫలితాలను 1988లో ప్రచురించారు. గొట్టం జారిపోవడం, నెలలు నిండకముందే కాన్పు రావడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. అందుకే ఇది అందరికీ చేయరు.

ఈ చికిత్స చేసేది ఫీటల్ మెడిసిన్ నిపుణులు. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ వంటి ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. వరంగల్ నుంచి అది దాదాపు 150 కిలోమీటర్లు. పుట్టగానే బిడ్డకు శ్వాస సాయం అవసరం కావచ్చు కాబట్టి, నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోటే కాన్పు జరిగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

డాక్టరు గారిని మూడు ప్రశ్నలు అడగండి: నీరు ఒకవైపేనా, రెండువైపులా? కారణం తెలిసిందా? కాన్పు ఎక్కడ మంచిది?

18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్‌ను వాయిదా వేయకండి. సమస్య ముందే తెలిస్తే చికిత్సకు సమయం మిగులుతుంది.