అమ్మమ్మ పాటకి మైకెక్కడ పెట్టాలి?

మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు నోటికి వచ్చిన అమ్మమ్మో మేనత్తో చాలా ఇళ్లలో ఉంటారు. అందులో సగం పాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఆ గొంతు ఉండగానే దాచుకోవాలని మనకందరికీ ఉంటుంది. తీరా ఫోను ఎదురుగా పెట్టి పాడించి, తరవాత వింటే ఏముంటుంది? ఫ్యాను హోరు, వీధిలో స్కూటరు, బావిలోంచి వస్తున్నట్టు ఆవిడ గొంతు! మళ్లీ పాడమంటే ఆవిడకి ఓపిక ఉండొద్దూ?

మనం పాట వింటుంటే ఫ్యాను చప్పుడుని మనసు పక్కకి నెట్టేస్తుంది. మైకుకి ఆ విచక్షణ లేదు. పైగా మైకు రెండింతల దూరం జరిగితే నేరుగా అందే ధ్వని శక్తి సగం కాదండీ, నాలుగో వంతుకి పడిపోతుంది. గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. బావి గొంతుకి కారణం అదే.

కాబట్టి గొంతుకి జానెడు దూరంలో పెట్టండి. నోటికి సరిగ్గా ఎదురుగా వద్దు, కాస్త పక్కకి. ప, బ, భ అన్నప్పుడు వచ్చే గాలి మైకుకి కొట్టి డబ్ డబ్ మంటుంది. మరీ పెదవులకి ఆనించినా చిక్కే. ఒకవైపునుంచే వినే మైకులు అంత దగ్గరలో గొంతుని బొంగురు చేస్తాయి. చీరకి తగిలించే చిన్న మైకైతే పమిట రాపిడి, గొలుసుల చప్పుడు చూసుకోవాలి. గాజులు తీసి పక్కన పెట్టించండి, ఏమీ అనుకోరు.

కొనేవాళ్లకి ఒక మాట. కండెన్సర్ మైకు సున్నితమైనది. స్టూడియో రకాలకి సాధారణంగా 48 వోల్టుల కరెంటు అందించే పరికరం కూడా కావాలి. రోడ్డు పక్క ఇంట్లో అది పక్కింటి కుక్కరు కూతని కూడా శ్రద్ధగా పట్టిస్తుంది. అలాంటి ఇంటికి డైనమిక్ మైకే మేలని నా అభిప్రాయం.

ఇక వీణ. వేళ్లు మెట్లమీద ఆడుతుంటాయి కదా అని చాలామంది మైకుని ఎడమచేతి దగ్గర పెడతారు. అక్కడ దొరికేది తీగమీద వేలు జారే కీచుమన్న చప్పుడే ఎక్కువ. మీటే గోటికి మరీ దగ్గర పెడితే టక్కుటక్కులు. నాదం పుట్టేది తీగలు ఆనే బ్రిడ్జి వల్లా, దాని కింద పనసకర్ర కుండ వల్లా. రెండడుగుల దూరంలో, కొంచెం ఎత్తుగా, అటువైపు తిప్పి పెట్టండి. సరైన చోటు తెలియకపోతే ఒక చెవి మూసుకుని, రెండో చెవితో వీణ ముందు అటూ ఇటూ వంగి వినండి. ఎక్కడ హాయిగా వినిపిస్తే అక్కడే మైకు.

మృదంగం కూడా ఉంటే మైకుని కదపకండి, మృదంగాన్నే వెనక్కి జరపండి. రెండు మైకులు వాడితే మాత్రం, ఒక్కొక్కటి తన వాద్యానికి ఎంత దూరమో, వాటి మధ్య అంతకి మూడింతలుండాలి. లేకపోతే ఒకే ధ్వని రెండింటిలోనూ ముందూ వెనకా పడి పలచబడుతుంది.

గది పడకగదే బాగు. పరుపు, దుప్పట్లు, తెరిచిన చీరల బీరువా ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి (ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మరిచిపోకండి, పాలు విరుగుతాయి). ముందు ఒక్క నిమిషం, ఆవిడ గొంతెత్తి పాడే చరణమే పాడించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. గరగరమంటే మట్టం తగ్గించండి. పాట మొదలయ్యేముందు పేరు, ఊరు, ఆ పాట ఏ వేడుకలో పాడేవారో ఆవిడచేతే చెప్పించండి.