పెరుగులోని పులుపు – ముఖానికి ఎంత మేలు?

విరుదునగర్‌లో మా దగ్గరి బంధువుల ఇంట పెళ్ళికి పది రోజుల ముందు జరిగిన సంగతి ఇది. పెళ్ళికూతురు చదువుకొన్న పిల్ల. ముఖం నిగనిగలాడుతుందని ఎవరో చెప్పగా లాక్టిక్ ఆమ్లం సీసా ఒకటి తెప్పించుకొన్నది. "పెరుగులో ఉండేదే కదా, ఏమవుతుంది?" అనుకొని, ఒక చెంచా ఆమ్లాన్ని రెండు చెంచాల శనగపిండిలో కలిపి, కాసిని నీళ్ళు పోసి ముఖానికి పట్టించింది. కొద్ది నిమిషాలకే చెంపలు ఎర్రబారి మండిపోయినవి. మరునాటికి చర్మం పొరలుగా లేచింది. నలుగు పెట్టేనాడు ముత్తైదువలు చేతులకూ పాదాలకూ పసుపు రాసి, ముఖం దగ్గర చేయి ఆపవలసి వచ్చింది. పెళ్ళి ఆగలేదు. కాని ఫొటోలలో ఆ పిల్ల ముఖం ఒక ప్రక్కకు తిప్పుకొనే ఉన్నది. మచ్చలు మాయడానికి ఐదారు నెలలు పట్టింది.

మేము చూడబోయినప్పుడు వాళ్ళ అవ్వ అన్నది: "ఇంట్లో కుండెడు పెరుగు ఉండగా సీసా ఎందుకే అమ్మాయీ?"

అవ్వ మాటలో నిజమున్నది. ఆ నిజం ఎందుకో తెలిసికొంటే మన పిల్లలకు ఇటువంటి ఆపద రాకుండా కాపాడుకోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

పాలు తోడుపెట్టడం, పెరుగుతోనో పుల్లమజ్జిగతోనో పిండి కలిపి ఒంటికి రాసుకోవడం మన ఇండ్లలో కొత్త కాదు. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవలలో మన పెద్దలు ఈ కరిసల్ నేలకు వలస వచ్చిన కథను తమిళంలో వ్రాశారు. వలస వచ్చి ఎన్ని తరాలు గడిచినా, మన వంటిండ్లలో తోడు కుండ మాత్రం ఆగలేదు.

పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు పులియబెట్టగా పుట్టేదే లాక్టిక్ ఆమ్లం. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1780లో పులిసిన పాల నుండి దీనిని వేరు చేశాడు. మన చర్మం పైపొరలో మృతకణాలు ఒకదానినొకటి అంటుకొని ఉంటవి. ఈ ఆమ్లం ఆ బంధాన్ని సడలిస్తుంది. పాతపొర రాలిపోయి, క్రింది నునుపు బయటపడుతుంది. 1974లో అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు, చేప పొలుసులవలె చర్మం గట్టిపడే జబ్బుకు ఈ జాతి ఆమ్లాలు మేలు చేస్తవని ప్రకటించారు. తరువాతనే ఇవి సౌందర్య సాధనాలలోకి విరివిగా వచ్చినవి.

మరి పెరుగు చల్లగా ఉండి, సీసా ఎందుకు కాల్చింది? రెండింటిలో ఉన్నది ఒకే ఆమ్లం. తేడా మోతాదులో ఉన్నది. పెరుగులో ఆమ్లం నూటికి సుమారు ఒక పాలు. ఆ సీసా మీద అంకె 88. పిండి, నీళ్ళు కలిసిన తరువాత కూడా ఆ ముద్దలో నూటికి ఇరవై పాళ్ళకు తగ్గి ఉండదు. ఇండ్లలో వాడే సాధనాలలో ఈ ఆమ్లం నూటికి పది పాళ్ళకు మించరాదనీ, పి.హెచ్. 3.5కు తగ్గరాదనీ అమెరికాలోని నిపుణుల సంఘం 1998లో చెప్పింది. పి.హెచ్. అంటే పులుపును కొలిచే అంకె. అది ఒకటి తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్లు. చర్మానికి సహజంగా ఉండేది ఐదు ప్రాంతం, పెరుగుది నాలుగున్నర ప్రాంతం. అందుకే పెరుగు చర్మానికి పరాయిది కాదు.

నిమ్మరసం సంగతి వేరు. దాని అంకె రెండు ప్రాంతం, అంటే పెరుగు కంటె నూరు రెట్లకు పైగా పులుపు. పైగా నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడవచ్చు. కోవిల్‌పట్టి ఎండ ఎటువంటిదో మన పాఠకులకు చెప్పనక్కర లేదు. కాబట్టి నిమ్మరసం ముఖానికి వద్దు.

ఇంట చేసికొనదలచిన వారికి సులభమైన పద్ధతి ఇది. అప్పటి తాజా పెరుగు రెండు చెంచాలు, శనగపిండి గాని పెసరపిండి గాని ఒక చెంచా కలపండి. మొదట మోచేతి మడత లోపల రాసి, ఒక రోజు ఆగి చూడండి. ఎరుపు, దురద లేకుంటే రాత్రిపూట ముఖానికి పలుచగా రాసి, పది నిమిషాలు ఉంచి, రుద్దకుండా నీళ్ళతో కడగండి. వారానికి ఒకసారి చాలు. కంటికి తగలనీయకండి. గాయాలున్నచోట, పసిపిల్లలకు వాడవద్దు. మిగిలిన ముద్దను దాచవద్దు. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది గాని, ఒక్కరాత్రిలో వింతలు చేయదు.

సీసా ఆమ్లంతోనే చేస్తామనే వారికి త్రాసు, పి.హెచ్. కాగితం లేనిదే పని ప్రారంభించవద్దని మా మనవి. చెంచా లెక్క ఇక్కడ పనికిరాదు. నూరు గ్రాముల తయారీలో ఐదు పాళ్ళు ఉండాలంటే, 90 అంకె గల ఆమ్లం 5.6 గ్రాములు, 80 అంకె గలది 6.25 గ్రాములు మాత్రమే పడుతుంది. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి గాని, నీళ్ళను ఆమ్లంలో పోయరాదు. పొరపాటున ఒంటికి తగిలితే ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడగండి. కంటికి తగిలితే కడిగి, ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఈ జాతి ఆమ్లాలు వాడే రోజులలోను, మానిన తరువాత ఒక వారం వరకును, చర్మాన్ని ఎండ నుండి కాపాడుకోవాలని అమెరికా ప్రభుత్వ శాఖ 2005లో హెచ్చరించింది. మనకు గొడుగు, తలమీది పైట, ఎండను ఆపే క్రీము ఉన్నవి.

చివరగా పెద్దలకు ఒక మాట. ఈ పులుపు చర్మాన్ని నునుపు చేస్తుంది గాని, రంగు మార్చదు. "కాస్త తెల్లబడవే" అని పెళ్ళిచూపుల వేళ మనం అనే మాటలే ఆ పిల్ల చేత సీసా కొనిపించినవి. కరిసల్ నేల నల్లనిదని ఎవరూ చిన్నబుచ్చరు. పత్తి పండేది అందులోనే కదా!

ఆ పెళ్ళికూతురు ఇప్పుడు కోవిల్‌పట్టిలో కాపురం ఉన్నది. మొన్న వెళ్ళినప్పుడు, "ముఖానికి ఏమి రాస్తున్నావమ్మా?" అని అడిగాము.

"పెరుగే పిన్నీ. రాత్రిపూట, గడియారం చూచుకొని," అని నవ్వింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.