మోటారు సైకిలు రన్నింగ్-ఇన్

కొత్త మోటారు సైకిలు ఇంజనులోని భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకునే వరకు బండిని కొన్ని పరిమితులకు లోబడి నడపడాన్ని రన్నింగ్-ఇన్ అంటారు. సాధారణంగా ఇది మొదటి 500 నుండి 1,000 కిలోమీటర్ల వరకు ఉంటుంది. కచ్చితమైన దూరం, వేగపరిమితి బండితోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో కొత్త బండికి పూజ చేయించి తిరుమల కొండకు తీసుకువెళ్ళే అలవాటు ఉన్నది. అందువలన అలిపిరి వద్ద మొదలయ్యే ఘాట్ రోడ్డు పలు బండ్లకు తొలి ప్రయాణమవుతుంది. ఈ దారి ఎక్కేటప్పుడు ఇంజనుకు, దిగేటప్పుడు బ్రేకులకు పరీక్ష వంటిది.

అవసరం

సిలిండరు లోపలి గోడపై తయారీలోనే సన్నని అడ్డగీతలు పెడతారు. ఇంజను ఆయిల్ వీటిలో నిలుస్తుంది. పిస్టన్ రింగులు ఈ గరుకు గోడకు రాసుకుని, కొద్దిగా అరిగి, దానికి సరిగ్గా అతుకుతాయి. రింగులను గోడకు అదిమేది మండే వాయువుల ఒత్తిడి. కాబట్టి ఎప్పుడూ మరీ నెమ్మదిగా, ఒకే వేగంతో నడిపితే రింగులు సరిగా కూర్చోవు. అతిగా లాగితే రాపిడి వేడికి గోడ గీసుకుపోతుంది, పిస్టను పట్టేయవచ్చు కూడా. రింగులు సరిగా అతకని ఇంజను ఆయిల్ తాగుతుంది, పొగ వదులుతుంది, దాని శక్తి తగ్గుతుంది.

ఈ దశలో అరిగిన సన్నని లోహపు రజను ఆయిల్‌లో కలుస్తుంది. మొదటి సర్వీసులో ఆయిల్ మార్చడానికి ముఖ్య కారణం ఇదే.

కొనుగోలు

కొండదారిలో ఇద్దరు ప్రయాణించాలంటే గరిష్ఠ వేగం కంటే తక్కువ వేగంలో ఇంజను లాగే బలం, బ్రేకులు ముఖ్యం. భారతదేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి 125 సీసీ మించిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ 2019 నిబంధన ప్రకారం 125 సీసీ, అంతకు తక్కువ వాటికి ఏబీఎస్ గానీ, రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ గానీ ఉండాలి. బండి తీసుకునేటప్పుడు ఆయిల్ మట్టం, టైర్లలో గాలి, చైను బిగువు, బ్రేకులు సరిచూసుకోవాలి.

నడిపే విధానం

* బండి స్టార్టు చేయగానే ఆక్సిలరేటరు గట్టిగా తిప్పరాదు.
* వేగాన్ని తరచుగా మారుస్తూ ఉండాలి.
* పై గేరులో ఇంజను కొట్టుకునేలా నడపరాదు.
* కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉంటుంది. అది అరిగే వరకు మలుపుల్లో బండిని ఎక్కువగా వంచరాదు.

తిరుమల ఘాట్ రోడ్డు

1944లో మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యే వరకు యాత్రికులు కాలినడకన గానీ, డోలీలలో గానీ కొండ ఎక్కేవారు. దీని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాలుపంచుకున్నారు. సుమారు 19 కిలోమీటర్ల ఈ దారిలో 36 వెంట్రుకపిన్ను మలుపులు ఉన్నాయి. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత ఎక్కడానికి రెండవది, దిగడానికి మొదటిది వాడుతున్నారు.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎక్కేటప్పుడు ఇంజనుపై భారం ఎక్కువ. వేగం తక్కువ కనుక గాలితో చల్లబడే ఇంజనుకు తగినంత గాలి తగలదు. ఈ కారణాల వలన మైదానంలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మొదటి సర్వీసు చేయించిన తరువాత కొండ ఎక్కడం మంచిది. ముందే వెళ్ళదలచినవారు ఒంటరిగా, సామాను లేకుండా, తక్కువ గేరులో వెళ్ళి, ఇంజను వేడెక్కితే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి.

దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి గానీ, క్లచ్చు పట్టి గానీ దిగడం ప్రమాదకరం. అప్పుడు బరువంతా బ్రేకులపై పడుతుంది. కొత్త బ్రేకులు ఇంకా పూర్తిగా ఒరుసుకుని ఉండవు, ఎక్కువసేపు నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతాయి. రెండవ లేదా మూడవ గేరులో ఉంచితే ఇంజనే వేగాన్ని అదుపు చేస్తుంది. అతివేగాన్ని అరికట్టేందుకు తిరుమల తిరుపతి దేవస్థానం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కనీస సమయాన్ని నిర్ణయించింది. దిగే దారిలో ఇది గంటకు సుమారు 28 కిలోమీటర్ల సగటు వేగం. కొత్త బండికి సైతం ఇది తగిన వేగమే.

వేళలు

2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుతపులి దాడిలో ఒక బాలిక మరణించింది. ఆ తరువాత ద్విచక్ర వాహనాలను ఉదయం 6 నుండి సాయంత్రం 6 వరకే అనుమతించారు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఈ గడువు రాత్రి 9 వరకు ఉండినది. వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు తెలుసుకోవాలి. నడిపేవారితోపాటు వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించాలి.

ఇవి కూడా చూడండి

* అలిపిరి
* తిరుమల
* మోటారు సైకిలు